నెలబిల్లు లేని టీవీ: చూసి వదిలెయ్యక్కరలేదు, దాచుకోవచ్చు

టీవీలో కార్యక్రమం అంటే వచ్చి వెళ్ళిపోయేదని మనకు అలవాటైపోయింది. మనం కాలేజీలో ఉండగా వచ్చింది మనకు దొరకదు. రాత్రి వచ్చేదైతే ఆ వేళకి రిమోటు ఇంకొకరి చేతిలో ఉంటుంది. బళ్ళారి తెలుగు ఇళ్ళల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. టీవీ ఒక్కటి, భాషలు రెండు. మా ఇంట్లో నాన్నవైపు కన్నడం, అమ్మవైపు తెలుగు. డీడీ చందనలో ‘థట్ అంత హేళి’ క్విజ్ నడుస్తుంటే, ఛానెల్ మార్చి సప్తగిరి పెట్టమని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఇట్లా రోజుకి కాస్త తెలుగు మన చెవిన పడకుండానే వెళ్ళిపోతూ ఉంటుంది.

ఈ వ్యాసంలో నేను చెప్పాలనుకున్నది ఒకటే. నెలనెలా డబ్బు కట్టకుండా వచ్చే టీవీని, మళ్ళీ ఏ డబ్బూ కట్టకుండానే రికార్డు చేసి దాచుకోవచ్చు. డబ్బు కట్టి చూసే టీవీలో దొరకని స్వేచ్ఛ ఇందులో ఉంది. దీనికి ఇంజనీరింగ్ చదవాల్సిన పని లేదు. మనలాంటి ఆర్ట్స్ వాళ్ళం కూడా చేసుకోవచ్చు.

ఉచితంగా వచ్చే టీవీ ఏది?

మన అమ్మమ్మల కాలంలో మిద్దె మీద అల్యూమినియం కడ్డీల యాంటెనా ఉండేది. ఊళ్ళోని దూరదర్శన్ టవర్ నుంచి వచ్చే ప్రసారాన్ని అది పట్టేది. అమెరికాలాంటి దేశాల్లో ఇప్పటికీ యాంటెనాతో ఉచితంగా టీవీ చూసేవాళ్ళు, దాన్ని రికార్డు చేసుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. మన దేశంలో మాత్రం ఆ పాత అనలాగ్ టవర్లను 2022 మార్చి నాటికి దాదాపు అన్నిచోట్లా ఆపేశారు. సరిహద్దుల్లాంటి కొన్ని ముఖ్యమైన చోట్ల మాత్రం ఉంచారు.

దాని బదులు మనకున్నది డీడీ ఫ్రీ డిష్. 2004 డిసెంబరులో ‘డీడీ డైరెక్ట్ ప్లస్’ అనే పేరుతో, 33 ఛానెళ్ళతో మొదలైంది. తరవాత పేరు మారింది. టవర్ బదులు ఉపగ్రహం నుంచి వస్తుంది, అంతే తేడా. డిష్, బాక్సు ఒకసారి కొనుక్కుంటే చాలు. నెలబిల్లు లేదు, రీచార్జి లేదు. కేబుల్‌తో పోల్చి చూడండి. 2019లో ట్రాయ్ పెట్టిన పద్ధతిలో, ఒక్క పే ఛానెల్ కూడా తీసుకోకముందే కనెక్షన్ కోసం నెలకి పన్నుతో కలిపి 153 రూపాయల 40 పైసలు దాకా తీసుకునేవాళ్ళు. ఏడాదికి లెక్కేస్తే 1840 రూపాయలు. సుమారు ఆ డబ్బుతోనే ఫ్రీ డిష్ సామాను మొత్తం వచ్చేస్తుంది, రెండో ఏడాది నుంచి ఖర్చు ఉండదు.

మనకి ఇంకా ముఖ్యమైన సంగతి ఏమంటే, ఈ డిష్ మీరు ఏ రాష్ట్రంలో ఉన్నారని అడగదు. బళ్ళారిలో పెట్టినా, బరంపురంలో పెట్టినా, షోలాపూర్‌లో పెట్టినా, హోసూరులో పెట్టినా అవే ఛానెళ్ళు వస్తాయి. చందన, డీడీ తమిళ్, డీడీ ఒడియాలతో పాటు మన సప్తగిరి, యాదగిరి కూడా ఉంటాయి. ప్రైవేటు ఛానెళ్ళు వేలంపాటలో చోటు కొనుక్కుని వస్తాయి, గడువు తీరితే పోతాయి. వాటిని నమ్ముకోకూడదు. దూరదర్శన్ సొంత ఛానెళ్ళని నమ్ముకోవచ్చు. రాష్ట్రం బయట ఉన్న తెలుగువాళ్ళకి నెల ఖర్చు లేకుండా టీవీలో తెలుగు వినే దారి ఇదే.

డిష్ ఎటు చూడాలి?

ఫ్రీ డిష్ ప్రసారం జీశాట్-15 అనే ఉపగ్రహం నుంచి వస్తుంది. ఇస్రో తయారుచేసిన ఈ ఉపగ్రహాన్ని 2015 నవంబరులో దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానా నుంచి పంపారు. భూమధ్యరేఖకి పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంటుంది. మ్యాపులో నికోబార్ దీవుల నుంచి నేరుగా దక్షిణానికి వేలు జరుపుకుంటూ వెళ్ళి భూమధ్యరేఖ దగ్గర ఆగితే, సరిగ్గా ఆ సముద్రం పైన అన్నమాట. భూమి ఒకసారి తిరిగే లోపల అదీ ఒక చుట్టు పూర్తి చేస్తుంది. అందుకే మనకి ఒకేచోట నిలబడినట్టు ఉంటుంది, డిష్‌ని ఒకసారి బిగిస్తే మళ్ళీ తిప్పక్కరలేదు.

బళ్ళారి నుంచి చూస్తే అది ఆగ్నేయంలో ఉంటుంది. వాస్తు ప్రకారం వంటిల్లు ఉండే మూల అన్నమాట. నేల నుంచి సుమారు 64 డిగ్రీల ఎత్తున ఉంటుంది కాబట్టి దూరంగా ఉన్న మేడలు అడ్డు రావు. దగ్గరలో ఎత్తుగా పెరిగిన వేపచెట్టో కొబ్బరిచెట్టో ఉంటే మాత్రం చూసుకోవాలి. బరంపురంలో ఉన్న మన చుట్టాలైతే డిష్‌ని ఇంకొంచెం దక్షిణానికి తిప్పాలి. ఈ బిగింపు పనికి డిష్ మెకానిక్కుని పిలవడమే మంచిది. ఒక్క డిగ్రీ తేడా వచ్చినా సిగ్నల్ తగ్గుతుంది.

రికార్డు అంటే లోపల జరిగేది ఏమిటి?

ఇది అర్థమైతే మిగతాదంతా సులువు. డిజిటల్ టీవీలో బొమ్మ బొమ్మగా రాదు, అంకెలుగా వస్తుంది. ఆ అంకెల్ని చిన్న చిన్న మూటలుగా కడతారు. ఒక్కో మూట 188 బైట్లు. ప్రతి మూట మీదా అది ఎవరిదో తెలిపే నంబరు ఉంటుంది. ఒకే ఫ్రీక్వెన్సీ మీద పది పన్నెండు ఛానెళ్ళ మూటలు కలిసికట్టుగా వస్తాయి.

గుంతకల్లు జంక్షన్‌లో గూడ్సు బండిని గుర్తు చేసుకోండి. ఒకే బండికి వేర్వేరు ఊళ్ళ వ్యాగన్లు తగిలించి ఉంటాయి. ఏ వ్యాగన్ ఎక్కడికో దాని మీద రాసి ఉంటుంది. మన బాక్సు చేసే పని కూడా అలాంటిదే. ముందు మనకి కావాల్సిన బండిని పట్టుకుంటుంది. తరవాత అందులో సప్తగిరి నంబరు ఉన్న వ్యాగన్లను మాత్రం విడదీస్తుంది. వాటిని విప్పి బొమ్మ, శబ్దం చేసి టీవీకి పంపిస్తుంది.

రికార్డు చెయ్యడం అంటే, ఆ వ్యాగన్లను విప్పకముందే ఇంకో కాపీ తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టడం. అంతే. అందుకే రికార్డు అయినది అసలు ప్రసారం ఎంత స్పష్టంగా ఉందో అంతే స్పష్టంగా ఉంటుంది. పాత వీసీఆర్ క్యాసెట్ల లాగా కాపీ తీసిన కొద్దీ మసకబారడం ఉండదు.

దీని నుంచే ఇంకో విషయం కూడా తెలుస్తుంది. మామూలు బాక్సు ఒకసారికి ఒక్క బండినే చూడగలదు. సప్తగిరి రికార్డు అవుతుండగా నాన్న చందన చూడాలంటే, రెండూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఉండాలి. లేదంటే రికార్డు ఆగిపోతుందనో, ఛానెల్ మార్చడం కుదరదనో తెర మీద చెబుతుంది. ఫ్రీక్వెన్సీలు అప్పుడప్పుడు మారుతుంటాయి కాబట్టి మీ బాక్సులో ఒకసారి చూసుకోండి.

డబ్బు కట్టే డీటీహెచ్‌కీ దీనికీ అసలు తేడా ఇక్కడే ఉంది. అక్కడ మూటలకి తాళం వేసి పంపిస్తారు. వాళ్ళ రికార్డింగ్ బాక్సులో దాచుకున్నా, సాధారణంగా ఆ తాళంతోనే దాగుతుంది. ఆ బాక్సులోనే, చందా నడుస్తున్నంత కాలమే చూడగలం. ఫ్రీ డిష్‌లో ఎంపెగ్-2 పద్ధతిలో వచ్చే ఛానెళ్ళకి తాళం లేదు. పట్టుకున్నది మన దగ్గరే ఉంటుంది.

కావాల్సినవి, చెయ్యాల్సినవి

బాక్సు కొనేటప్పుడు వెనకో ముందో యూఎస్‌బీ సందు ఉందా అని చూడాలి. సందు ఉన్నంత మాత్రాన సరిపోదు. కొన్నింట్లో అది పాటలు, ఫోటోలు చూడటానికే. ‘పీవీఆర్’ లేదా ‘రికార్డింగ్’ ఉందా అని అడగాలి. వీలైతే షాపులోనే ఒక నిమిషం రికార్డు చేయించి, ఆ ఫైలు కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌తో తెరుచుకుంటుందేమో చూడండి. కొన్ని బాక్సులు తమకి మాత్రమే తెలిసిన రకంగా ఫైలుని దాస్తాయి. అలాంటి బాక్సు పాడైతే అందులో చేసిన రికార్డింగులు కూడా పోయినట్టే.

ఇక పద్ధతి:

1. పెన్‌డ్రైవ్ ఖాళీది తీసుకుని బాక్సుకి పెట్టండి. అడిగితే బాక్సు మెనూలోనే ఫార్మాట్ చెయ్యండి. ఫార్మాట్ చేస్తే లోపల ఉన్నవన్నీ పోతాయి, అసైన్‌మెంట్లు ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టొద్దు.

2. మెనూలో గడియారం చూడండి. బాక్సుకి టైము ఉపగ్రహం నుంచే వస్తుంది, కానీ అది గ్రీన్‌విచ్ టైము. దానికి 5 గంటల 30 నిమిషాలు కలపమని మెనూలో పెట్టాలి. ఇది పెట్టకపోతే సాయంత్రం కార్యక్రమానికి పెట్టిన టైమర్ అర్ధరాత్రి లేస్తుంది.

3. ఇప్పుడే వస్తున్నది కావాలంటే ఆ ఛానెల్‌లో ఉండగా రిమోటులో రికార్డు బటన్ నొక్కితే చాలు. ఎంతసేపు అని అడిగితే చెప్పండి.

4. మనం ఇంట్లో లేనప్పుడు వచ్చేది కావాలంటే టైమర్ పెట్టాలి. ఛానెల్, తేదీ, మొదలయ్యే టైము, ముగిసే టైము ఇచ్చి ‘రికార్డు’ అని ఎంచుకోవాలి. ముందు ఐదు నిమిషాలు, వెనక పది నిమిషాలు ఎక్కువ ఇవ్వండి. కార్యక్రమాలు చెప్పిన టైముకే మొదలవుతాయని నమ్మకం లేదు.

5. తరవాత బాక్సుని రిమోటుతో ఆపండి, గోడ స్విచ్ మాత్రం తియ్యొద్దు. పడుకునే ముందు అన్ని స్విచ్‌లూ తీసేసే పెద్దవాళ్ళు ప్రతి ఇంట్లో ఉంటారు, వాళ్ళకి ముందే చెప్పి పెట్టండి. టీవీ ఆపేసినా పరవాలేదు, రికార్డు చేసేది బాక్సు.

ఎంత చోటు పడుతుంది?

లెక్క సులువే. మామూలు నాణ్యతతో వచ్చే ఛానెల్ సెకనుకి 3 మెగాబిట్ల చొప్పున వస్తుందనుకుందాం. గంటకి 3600 సెకన్లు, అంటే 10,800 మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి 8తో భాగిస్తే 1350 మెగాబైట్లు. గంటకి ఒకటిన్నర జీబీ లోపే. 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో 20 గంటలు నిక్షేపంగా పడతాయి. పావుగంట వార్తలకైతే 340 మెగాబైట్లు చాలు.

పెన్‌డ్రైవ్ ఎఫ్‌ఏటీ-32 పద్ధతిలో ఉంటే ఒక్క ఫైలు 4 జీబీకి మించదు. అందుకని మూడు గంటల నాటకాన్ని రికార్డు చేస్తే రెండు ముక్కలుగా కనిపించవచ్చు. కంగారు పడొద్దు, వరసగా చూసుకుంటే సరిపోతుంది.

అడ్డంకులు రెండున్నాయి. ఒకటి వాన. ఈ ప్రసారం వాడే తరంగాలని వాన చినుకులు మింగేస్తాయి. పెద్ద వానలో బొమ్మ ముక్కలుగా విరిగిపోతుంది, రికార్డు కూడా అలాగే అవుతుంది. రెండోది కరెంటు. మధ్యలో పోతే రికార్డు అక్కడితో ఆగిపోతుంది. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో ఈ బాధ లేదు.

ఇది తప్పు కాదా?

చాలామందికి వచ్చే అనుమానం ఇది. 1957 కాపీరైట్ చట్టం 39వ సెక్షన్ ప్రకారం, ఎవరి సొంత వాడకానికి వాళ్ళు రికార్డు చేసుకున్నా, నిజమైన బోధన, పరిశోధన కోసమే రికార్డు చేసినా ప్రసార సంస్థ హక్కుకి భంగం కాదు. అమెరికాలో కూడా వీసీఆర్‌లు కొత్తగా వచ్చినప్పుడు సినిమా కంపెనీలు కోర్టుకి వెళ్ళాయి. తీరిక దొరికినప్పుడు చూసుకోవడానికి ఇంట్లో రికార్డు చేసుకోవడం తప్పు కాదని అక్కడి సుప్రీంకోర్టు 1984లో తీర్పు చెప్పింది. ఐదుగురు జడ్జీలు ఔనన్నారు, నలుగురు కాదన్నారు.

కానీ హద్దు ఉంది. రికార్డు చేసినదాన్ని యూట్యూబ్‌లో పెట్టడం, వాట్సాప్ గ్రూపుల్లో పంచడం, అమ్మడం సొంత వాడకం కిందికి రావు. ఆ పని చెయ్యకూడదు.

అన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి కదా?

నా స్నేహితురాళ్ళు అడిగే ప్రశ్న ఇది. కొన్ని ఉన్నాయి, నిజమే. అన్నీ లేవు. ఉన్నవి రేపు ఉంటాయని హామీ లేదు. పెట్టినవాళ్ళు తీసేస్తే అడగడానికి మనమెవరం?

ప్రసారం చేసినవాళ్ళే దాచి ఉంచుతారని అనుకోవడం కూడా పొరపాటు. బీబీసీ అంతటి సంస్థే పాత రోజుల్లో టేపులు ఖరీదని, చోటు చాలదని తన కార్యక్రమాలని తానే చెరిపేసింది. ‘డాక్టర్ హూ’ అనే పేరున్న ధారావాహికలో 1960ల నాటి ఎపిసోడ్లు చాలా అలా పోయాయి. అయినా పోయిన ప్రతి ఎపిసోడ్‌కీ శబ్దం మాత్రం మిగిలింది. ఎలాగంటే, అప్పట్లో కొందరు ప్రేక్షకులు టీవీ దగ్గర టేప్‌రికార్డరు పెట్టి ఇంట్లో రికార్డు చేసుకున్నారు. సంస్థ పోగొట్టుకున్నదాన్ని చూసేవాళ్ళు కాపాడారు.

ఫిలడెల్ఫియాలో మేరియన్ స్టోక్స్ అనే ఆవిడ ఉండేవారు. ఒకప్పుడు లైబ్రేరియన్‌గా పనిచేశారు. ముప్పై ఏళ్ళకి పైగా, 2012లో కన్నుమూసేదాకా, ఇంట్లో ఒకేసారి అనేక రికార్డర్లు పెట్టి టీవీ వార్తలని రాత్రింబవళ్ళు రికార్డు చేయించారు. సుమారు 70 వేల క్యాసెట్లు అయ్యాయి. ఆవిడ పోయిన తరవాత వాటిని ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే డిజిటల్ గ్రంథాలయం తీసుకుంది. నాకు ఇందులో నచ్చింది క్యాసెట్ల సంఖ్య కాదు. ఏది విలువైనదో ఆ రోజు తెలియదు, దాచితేనే తరవాత తెలుస్తుంది అన్న ఆవిడ నమ్మకం.

మన ఊరి సంగతే చూద్దాం. బళ్ళారి రాఘవగారి పేరు మీద కళామందిరం ఉంది, పాఠంలో ఆయన గురించి చదువుతాం. ‘రైతుబిడ్డ’ (1939), ‘చండిక’ (1940) లాంటి కొద్ది సినిమాలు పట్టుకున్నంత మేరకే ఆయన నటన దాగింది. ఏళ్ళ తరబడి రంగస్థలం మీద చేసినదానికి చూసినవాళ్ళ మాటలే మిగిలాయి. ఆ కాలంలో వాళ్ళకి దాచే సాధనం లేదు. మనకి ఉంది. 32 జీబీ పెన్‌డ్రైవ్ ధర ఇప్పుడు ఒక మామూలు పాఠ్యపుస్తకం ధరకి దగ్గరగానే ఉంది.

డిపార్ట్‌మెంటుకి ఒక మనవి

దూరదర్శన్ తెలుగు ఛానెళ్ళలో అప్పుడప్పుడు హరికథ, బుర్రకథ, అవధానం, పద్యనాటకం వస్తాయి. ఉగాదికి కవిసమ్మేళనం ఉంటుంది. ఇవన్నీ మన సిలబస్‌లో పేర్లుగా ఉన్నాయి. బుర్రకథలో కథకుడికి ఇద్దరు వంతలు ఉంటారని, ఒకరు రాజకీయం మాట్లాడతారని, ఇంకొకరు హాస్యం చెబుతారని మనం పరీక్షలో రాస్తాం. మనలో ఎంతమంది బుర్రకథ మొదటి నుంచి చివరిదాకా విన్నాం? కర్ణాటకలో తెలుగు చదువుకునే మనకి ఇలాంటివి వీధిలో ఎదురుపడటం అరుదు.

కాబట్టి అడుగుతున్నాను. ఇంట్లో ఫ్రీ డిష్ ఉన్నవాళ్ళు తలా ఒక కార్యక్రమం బాధ్యత తీసుకుందాం. మేడమ్‌లు ఒప్పుకుంటే క్లాసులో వాడుకోవడానికి డిపార్ట్‌మెంట్ బీరువాలో ఒక హార్డ్ డిస్క్ ఉంచుదాం. పక్కన ఒక నోటు పుస్తకం పెడదాం. బాక్సు ఫైలుకి తేదీ, నంబరు మాత్రమే పెడుతుంది. పాడినవాళ్ళు ఎవరు, కథ ఏది, ఏ ఛానెల్, ఏ రోజు, రికార్డు చేసింది ఎవరు అన్నవి మనమే రాయాలి. పేరు రాయని రికార్డింగు ఎవరికీ దొరకదు. ప్రతిదానికీ రెండు కాపీలు ఉండాలి, పెన్‌డ్రైవ్‌లు చెప్పకుండా పాడవుతాయి.

వచ్చే ఏడాది చేరే చెల్లెళ్ళు బుర్రకథ పాఠం వచ్చినప్పుడు పుస్తకం మూసి, ఆ హార్డ్ డిస్క్ తెరిచి, తంబుర శబ్దం వినగలిగితే చాలు. ఇంట్లో డిష్ ఉండి ఈ పనిలో చేరాలనుకునేవాళ్ళు ఈ కాగితం కింద మీ పేరు, క్లాసు రాయండి.